అందరూ తిన్నాక

పోయిన వారం ఎల్లమ్మను ఎక్కడ వదిలి వచ్చామో గుర్తుందా? హుస్సేనీ ఆలంలో, మొగులయ్య పాల ఇంట్లో, బర్రెల కొట్టం మూల దాణా బస్తాల వెనక చెయ్యి దూర్చి నిలబడి ఉంది. చేతికి చల్లగా ఏదో తగిలింది. లాగి చూస్తే మూత బిగించిన స్టీలు డబ్బా.

ఈ వారమే కథలోకి అడుగుపెట్టినవాళ్లు ఉంటే వాళ్లకు రెండు మాటలు. మొగులయ్య తమ్ముడూ మరదలూ పురానాపూల్ దగ్గర లారీ గుద్ది పోయినప్పుడు, వాళ్ల పిల్లలిద్దరూ ఈ ఇంటికి చేరారు. అమలకు అప్పుడు ఎనిమిదేళ్లు, మహేష్‌కు నాలుగు. మొగులయ్య భార్య, పిల్లల్లేని ఎల్లమ్మ మహేష్‌ను కళ్లలో పెట్టుకుని పెంచింది. ఇప్పుడా మహేష్‌కు కాలేయం పాడైపోయింది. సీసా ముట్టినవాడు కాదు, చెడు సావాసం లేదు, ఎందుకొచ్చిందో డాక్టర్లకే అంతుచిక్కని జబ్బు. అయినవాళ్ల కాలేయంలోంచి ముక్క తీసి పెడితే తప్ప బతకడని తేల్చేశారు. మొగులయ్యకు షుగరు, ఎల్లమ్మ రక్తం కలవలేదు. మిగిలింది అక్క అమల ఒక్కతే. అన్నీ కుదిరాయి కానీ ఆమె కాలేయానికి కొవ్వు పట్టి ఉంది. చూస్తే సన్నగానే ఉంటుంది మనిషి, లోపల మాత్రం అదీ సంగతి! పథ్యం చేసి కొవ్వు కరిగించుకుని రమ్మన్నారు. చేసింది. మళ్లీ స్కాన్ తీసే రోజు ఇవాళే. సరిగ్గా ఇవాళే ఎల్లమ్మకు ఈ డబ్బా దొరికింది.

మూత తీసింది. ఉస్మానియా బిస్కెట్లు, ఖోవా ముద్ద, చక్కెర చల్లి చుట్టిన చపాతీలు, ఎవరి దావత్ నుంచో కవర్లో కట్టి తెచ్చిన డబల్ కా మీఠా. అడుగున ఎండి గట్టిపడిన రొట్టె ముక్కలు. ఎల్లమ్మకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్లు మండిపోయింది.

"అమలా! ఓ అమలా! రాయే బయటికి!"

వాకిట్లో మొగులయ్య పాలు పోస్తున్నాడు. చెంబులూ క్యాన్లూ పట్టుకుని గల్లీ జనం నిలబడి ఉన్నారు. నులక మంచం మీద మహేష్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అమల తల దువ్వుకుంటూ గడపలోకి వచ్చింది. పెద్దమ్మ చేతిలో డబ్బా చూసింది. దువ్వెన జుట్టులోనే ఉండిపోయింది.

"ఏందే గిది?"

అమల జుట్టులోంచి దువ్వెన తీసి గడప మీద పెట్టింది.

"నిన్నే! నోట్లె మన్ను వోసుకున్నవా? ఏందే గిదంత?"

"నాదే పెద్దమ్మా."

"నీదని నాకెర్కలేదా? బర్రెలు దాసుకుంటయా బిస్కిట్లు?"

క్యూలో ఎవరో కిసుక్కున నవ్వి, ఎల్లమ్మ మొహం చూసి నోరు మూసుకున్నారు.

"గా పొల్లగాని కండ్లు జూసినవా? పచ్చగ పసుపు లెక్కైనయ్. గాడు దినాం సచ్చి బతుకుతుంటె, నువ్వు దొంగసాటుగ చక్కెర చపాతీలు బుక్కుతున్నవా? తమ్ముని పానంకంటె నీ నాలుక ఎక్కువైందానే?"

ఇదే ప్రశ్న అమల తనకు తానే రోజూ వేసుకుంటోంది. పాపం, పగలంతా పథ్యం పొల్లు పోకుండా చేసేది. నూనె మానేసింది. తీపి మానేసింది. సగం కడుపుతో పత్తర్‌గట్టీలో బట్టల దుకాణానికి వెళ్లి, సగం కడుపుతో తిరిగొచ్చేది. ఇంటికి రాగానే మొదలయ్యేది. అది ఆకలి కాదు. ఆకలైతే ఓర్చుకునేదే. అది భయం. చేతులు చల్లబడిపోయేవి. కాళ్లు వాటంతట అవే కొట్టంలోకి లాక్కుపోయేవి. నిలబడే తినేది, నమలకుండా మింగేది, ఎవరి అడుగుల చప్పుడైనా వినిపిస్తుందేమోనని చెవులు రిక్కించి తినేది. రుచి కూడా తెలిసేది కాదు. తిన్నాక కడుపు పట్టుకుని అక్కడే కూలబడి, తన చెంపలు తనే వాయించుకునేది. ఇదంతా వాకిట్లో పాలకొచ్చినవాళ్ల ముందు ఎలా చెబుతుంది? ఏమని చెబుతుంది?

"ఇడిసిపెట్టు పెద్దమ్మా," అన్నాడు మహేష్. గొంతులో బలం లేదు. "జనాలున్నరు."

"ఉండనియ్! అందరికి ఎర్కగానియ్ దీని సంగతి."

మొగులయ్య కొలత గిన్నె కింద పెట్టాడు. "లొల్లి బంద్ చెయ్యవే జర. దవఖానకు టైమైతున్నది. ఏదున్నా ఆడనే తేలుతది."

"తేలనియ్. గీ డబ్బా తీస్కపోయి డాక్టరమ్మ ముందట పెడత. అడగనియ్ ఆమెనే."

అన్నట్టే డబ్బాను ఒళ్లో పెట్టుకుని ఆటో ఎక్కింది. అఫ్జల్‌గంజ్ ట్రాఫిక్‌లో ఆటో ఇరుక్కుని చాలాసేపు ఆగింది. అమల తమ్ముడి చెయ్యి పట్టుకోబోయి ఆగింది. ఆ చెయ్యి పట్టుకునే అర్హత తనకు లేదనిపించింది.

స్కాన్ అయింది. డాక్టర్ సావిత్రి కాగితాన్ని ఒకసారి చూసి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది. అలా రెండోసారి చూస్తేనే మనకు సగం తెలిసిపోతుంది కదా!

"తగ్గలేదు. ఇంకొంచెం పెరిగింది."

ఎల్లమ్మ నెత్తి కొట్టుకుంది.

"ఇలాంటి కాలేయం కోస్తే ఇద్దరికీ ప్రమాదమే," అంది డాక్టర్. "పెట్టింది మహేష్‌లో పని చెయ్యదు, మిగిలింది అమలకు చాలదు. నేను ఒప్పుకోను. మహేష్‌కు చూస్తే ఎక్కువ టైం లేదు. ఇంకెవరైనా ఉన్నారేమో మళ్లీ ఆలోచించండి."

"ఎవలున్నరు డాక్టరమ్మా? గిదొక్కతే ఉంటె గిది గిట్ల జేసింది." ఎల్లమ్మ డబ్బాను బల్ల మీద టక్కున పెట్టింది. "జూడు. పథ్యం జేసిందట, పథ్యం!"

అమల తల వంచుకుంది. ఇప్పుడు డాక్టర్ కూడా తిడుతుంది. తిట్టాలి కూడా. తిట్టించుకోవడానికే వచ్చినట్టు కూర్చుంది.

డాక్టర్ మూత తీసి, పైవన్నీ జరిపి, అడుగున ఉన్న రొట్టె ముక్క ఒకటి చేతిలోకి తీసుకుంది. "అమలా, ఇది ఇక పళ్లకు లొంగదు. తినలేవు కదా? మరి ఎందుకుంచుకున్నావు?"

ఇలాంటి ప్రశ్న అమల ఊహించలేదు. "ఉంటె మంచిగనిపిస్తది మేడం."

"ఎందుకని?"

"ఉన్నదని తెలిస్తె... నిద్ర పడ్తది."

డాక్టర్ ముక్కను మెల్లగా డబ్బాలో పెట్టేసింది. "ఇంట్లో అన్నం ఎప్పుడు తింటావు?"

"అందరు తిన్నంక."

"ఈ పథ్యం రోజుల్లో కూడా?"

ఎల్లమ్మ మధ్యలో అందుకుంది. అంత కోపంలోనూ కాస్త గర్వంగానే అంది. "గది మాత్రం దాని మంచి గుణం డాక్టరమ్మా. అబద్ధమెందుకు చెప్పాలె? అందరికి పెట్టంది మెతుకు ముట్టదు. మా గల్లీల అందరు మెచ్చుకుంటరు. పిల్లంటె గట్ల ఉండాలె అంటరు."

"ఎప్పటి నుంచి అమలా ఈ అలవాటు?"

"మల్లన్న తప్పు అయినప్పటి సంది."

ఎల్లమ్మ మొహంలో రంగు మారింది. మొగులయ్య కిటికీ వైపు తిరిగాడు.

ఈ తప్పు సంగతి చెప్పాలంటే పాడి ఇళ్ల కట్టు ఒకటి చెప్పాలి. బర్రె ఈనితే మొదటి మీగడ మల్లన్న దేవుడిది. దాన్ని చిలికి, కాచి, ఆ నెయ్యితో దీపం పెట్టేదాకా ఇంట్లో ఒక్కరూ నాలుకకు తగిలించరు. అమ్మా నాన్నా పోయిన కొత్తలో, తిన్నావా అని అడిగే దిక్కు లేని ఇంట్లో, ఎనిమిదేళ్ల పిల్ల ఉట్టి మీది కుండలో వేళ్లు పెట్టి ఆ మీగడ నాకేసింది. ఎల్లమ్మ చూసింది. ఆ వారంలోనే ఈనిన బర్రె నురగలు కక్కి చచ్చిపోయింది. ఇంకేముంది! మల్లన్న కథ చెప్పే ఒగ్గు పూజారిని పిలిపించారు. ఇంట్లో పట్నం వేయించి, అంటే నేల మీద రంగుల ముగ్గులు పరిచి, మల్లన్నకు తప్పు చెప్పుకోవాలన్నాడాయన. అంతవరకూ ఆ పిల్ల అందరూ తిన్నాకే తినాలన్నాడు. అప్పట్లో ఆ ఇల్లు సత్రం లెక్క ఉండేది. పాలు పిండేవాళ్లు, గడ్డి తెచ్చేవాళ్లు, వచ్చేపోయే చుట్టాలు. వాళ్లంతా తిని లేచేసరికి గిన్నెలో ఏం మిగులుతుంది? చిన్నపిల్లకు శిక్ష వేసేటప్పుడు మాత్రం మన పెద్దలకు ఎక్కడలేని భక్తి పుట్టుకొస్తుంది.

"కొన్ని దినాలు మిగులుతుండె," అంది అమల. ఇన్నేళ్లలో ఈ మాట ఎవరితోనూ అనలేదు. చెబుతుంటే తన గొంతు తనకే కొత్తగా ఉంది. "కొన్ని దినాలు మిగలకపోతుండె. అసలే ఉండదంటె పండుకుందును మేడం. ఉంటదో ఉండదో తెల్వకపోవుడే కష్టముండె. గందుకే ఎప్పుడన్న దొరికితె దాసుకుంటుంటి. పెద్దమ్మ తిన్నవానే అని అడుగుతుండె. తిన్న అంటుంటి."

"గది ఒక్క ఏడాదే కదనే!" ఎల్లమ్మ కుర్చీలోంచి లేచింది. "పై ఏడు పట్నం ఏపిచ్చినం కదా! తప్పు తీరిందని ఒగ్గాయన నీ ముందలనే చెప్పిండు కదా..."

"నా ముందల చెప్పలే. ఆనాడు తమ్మునికి తట్టు లేసుండె. వాణ్ని పట్టుకోని నేను మీది అర్రల కూసున్న." అమల తలెత్తి పెద్దమ్మ కళ్లలోకి చూసింది. "తీరిందా పెద్దమ్మా? నాకెవ్వరు చెప్పలే."



"నువ్వు చెప్పినవనుకున్న," అన్నాడు మొగులయ్య భార్యతో, కిటికీ వైపు నుంచి తిరగకుండానే.

"నువ్వు చెప్పినవని నేననుకున్న." ఎల్లమ్మ మళ్లీ కుర్చీలో కూర్చుంది. "అందరికి పెట్టి తింటుంటె... పని మీద పానమున్న పిల్ల, బుద్ధిమంతురాలు అనుకున్న. అయినా నువ్వన్న అడగకపోతివి కదనే. ఒక్క మాట అడిగితె ఏం పోవు?"

"మల్ల బర్రె సస్తదేమోనని అడగలే."

అమలకు నవ్వొచ్చింది. ఆ నవ్వు గొంతు దాకా వచ్చి ఏడుపైంది. తను ఇన్నేళ్లుగా మోసిన శిక్ష ఏనాడో తీరిపోయిందట! పట్నం వేశారట, ముగ్గులు పరిచారట, మల్లన్న కూడా క్షమించేశాడట. ఇంటిల్లిపాదికీ తెలుసు. మోస్తున్నదానికి ఒక్కదానికే తెలియదు. కోపమొచ్చింది. ఎవరి మీద అని వెతికితే, ఎదురుగా పెద్దమ్మ కాయలు కాసిన ముసలి చేతులు కనిపించాయి. ఆ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగు నోట్లో కుక్కుకుంది.

డాక్టర్ సావిత్రి లేచి వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

"ఎల్లమ్మగారూ, ఇది నాలుక రుచి కాదు. పెరిగే వయసులో తిండి దొరుకుతుందో లేదో తెలియని ఒంటికి ఒక భయం పట్టుకుంటుంది. దొరికినప్పుడే తినెయ్, మిగిలితే దాచెయ్ అని నేర్చుకుంటుంది. పెద్దయ్యాక ఇల్లు నిండా తిండి ఉన్నా ఆ నేర్చుకున్నది అంత తేలిగ్గా పోదు. దిగులేసినా, భయమేసినా ఒళ్లు తీపినీ కొవ్వునీ అడుగుతుంది. అలా తిన్నది కాలేయంలో చేరుతుంది. కొందరికి గుండెను పట్టుకుంటుంది, కొందరికి షుగరై బయటపడుతుంది. అందరికీ ఇలాగే అవుతుందని కాదు. ఈమెకు అయింది." అమల వైపు తిరిగింది. "తమ్ముడికి ఇలా కావడంతో ఆ భయం పదింతలైంది. దాని మీద పథ్యమంటూ నేను మళ్లీ కడుపు కాల్చాను. చిన్నప్పుడు ఎలా తిన్నావని ఒక్క మాట అడగలేదు. ఆ పొరపాటు నాది."

"ఇప్పుడేం జెయ్యాలె డాక్టరమ్మా?" మొగులయ్య అడిగాడు.

"ఆకలి పథ్యం ఆపేద్దాం. వేళకు తినాలి, కడుపు నిండా తినాలి. ఏం తినాలో నేను చెబుతాను. కానీ అందరికంటే ముందు తినాలి, అందరి ఎదురుగా తినాలి. దాచుకోవాల్సిన పని లేదని ఆ ఒంటికి నమ్మకం కలిగితే ఆ డబ్బా అవసరం తగ్గుతుంది, కొవ్వు దిగే దారి దొరుకుతుంది. మహేష్‌ను మందులతో కొన్ని వారాలు లాక్కొస్తాను. అంతకు మించి నా చేతిలో లేదు. అందుకే రేపు, ఎల్లుండి అనొద్దు. ఈ పూటే మొదలుపెట్టండి."

అమలకు చాలా రోజుల తర్వాత ఊపిరి ఆడినట్టయింది. దారి ఉంది. ఇరుకు దారే, కానీ ఉంది. ఆశగా తమ్ముడి వైపు చూసింది.

మహేష్ ఎవరి వైపూ చూడడం లేదు. నేల వైపు చూస్తున్నాడు.

"డాక్టరమ్మా," అన్నాడు. "నాకు అక్కది వద్దు."

"ఏందిరా?" మొగులయ్య గిర్రున తిరిగాడు.

"వద్దు పెద్దబాపూ. చిన్నప్పుడు నా కంచంల మిగిలింది అక్క తింటుండె. గదేదో ఆట అనుకుంటుంటి. నేను తింటున్నంతసేపు అక్క కండ్లు నా కంచం మీదనే ఉండేటివి. అక్కను ఏడిపియ్యాలని కడుపు నిండినా గీకి గీకి తింటుంటి. ఉత్త కంచం చూపిచ్చి నవ్వుతుంటి." పచ్చటి కళ్లలో నీళ్లు నిండాయి. "గప్పుడు దాని అన్నం తిన్న. గిప్పుడు దాని పానంల ముక్క గూడ తీస్కోవాల్నా? నాతోని గాదు. అయ్యేదేదో అయితది."

"గట్లనకు బిడ్డా! నీ కాళ్లు మొక్కుత," ఎల్లమ్మ అతని భుజాలు పట్టుకుని ఏడ్చేసింది.

అప్పుడు లేచింది అమల. ఆ ఇంట్లో ఏనాడూ గొంతు లేపని పిల్ల, ఆ గది గోడలు అదిరేలా అరిచింది.

"నోర్ముయ్! నాలుగేండ్ల పోరనివి, నీకేమెర్క గప్పుడు? నీ తప్పేమున్నదని? నాకేం గావాల్నో ఇన్నేండ్లల్ల ఎవ్వరన్న అడిగిండ్రా? ఇయ్యాల నేనే చెప్తున్న. నాకు నువ్వు గావాలె. నువ్వు బతకాలె. నువ్వు పోతె నాకెవలున్నర్రా?"

మహేష్ తలెత్తి ఆమెను చూశాడు. తర్వాత చాలా నెమ్మదిగా అన్నాడు.

"అయితె తిను."

"ఏంది?"

"ఇయ్యాల, గిప్పుడే, నా ముందల తిను. మా ముగ్గుర్ల ఎవ్వరం ముట్టకముందు తిను. నీ కడుపు నిండింది నేను జూసిన్నాడు ఒప్పుకుంట. గప్పటిదాక నాకు మెతుకు గూడ వద్దు, మందు గూడ వద్దు."

"మందులు మానొద్దు మహేష్, అది మాత్రం..." డాక్టర్ వారించబోయింది. అతను తల అడ్డంగా ఊపి, గోడ పట్టుకుంటూ బయటికి నడిచాడు.

వరండాలో బెంచీ మీద ఎల్లమ్మ ఇంటి నుంచి తెచ్చిన క్యారియర్ విప్పింది. మధ్యాహ్నం దాటిపోయింది. పొద్దుటి నుంచి ఎవరి నోట్లోనూ ఏమీ పడలేదు. మూతలో జొన్నరొట్టె పెట్టి, పక్కన పప్పు వేసింది. తొందరలో కొంత పప్పు బెంచీ మీద ఒలికింది. ఆ ఇంట్లో మొదటి ముద్ద ఎప్పుడూ మహేష్‌కే పెట్టిన మనిషి, ఇవాళ ఆ మూత తీసుకెళ్లి అమల ఒళ్లో పెట్టింది.

"తిను బిడ్డా," అంది. "తీరిందే తల్లీ. ఏనాడో తీరింది. నేను చెప్తున్న కదా, తిను."

మొగులయ్య వచ్చేపోయేవాళ్లకు కనిపించకుండా అడ్డంగా నిలబడ్డాడు. షుగరు మనిషి, పొద్దుటి నుంచి ఖాళీ కడుపు, నుదుట చెమటలు పడుతున్నాయి. అమల అది చూసింది. పెద్దమ్మ ఎండిన పెదవులు చూసింది. చెయ్యందే దూరంలో ఎదుటి బెంచీ మీద పుల్లలా కూర్చున్న తమ్ముణ్ణి చూసింది. అందరూ ఆకలితో ఉన్నారు. అందరూ తననే చూస్తున్నారు. కొట్టంలో చీకట్లో నమలకుండా మింగిన నోరు, ఇక్కడ వెలుతుర్లో తెరుచుకోనంటోంది.

రొట్టె తుంచింది. పప్పులో అద్దింది. తినాలి, అంతే. ఈ ఒక్క ముద్ద తింటే తమ్ముడు దక్కుతాడు. చెయ్యి పైకి లేచింది.

లేచిన చెయ్యి ఆమె నోటి వైపు రాలేదు. దానంతట అదే ముందుకు చాచుకుని, మహేష్ పెదవుల దగ్గరకు వెళ్లి నిలబడింది.

మహేష్ నోరు గట్టిగా మూసుకున్నాడు. వద్దన్నట్టు తల ఊపాడు. అతని చెంపల మీదుగా నీళ్లు కారుతున్నాయి కానీ పెదవులు విప్పలేదు.

అమల చెయ్యి వెనక్కి తీసుకోవాలనుకుంది. రాలేదు.